సాతాను సైకిలుకి పంక్చరు

నెహెమ్యా రాసిన పాటను సమాఖ్య మొట్టమొదటిసారి ఆమోదించడానికి కారణం ఒక్కటే. అందులో ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు.

అంతకు ముందు పదిహేనేళ్ళు అతను అర్థమయ్యే పాటలు రాసి చెడిపోయాడు. చీరాల వీధుల్లో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి బిల్లు కొట్టడం అతని ఉద్యోగం. మీటరుకీ మీటరుకీ మధ్య చరణాలు కట్టడం అతని జబ్బు. కట్టినవాటిని ఏటా కోస్తా క్రైస్తవ సంఘాల సమాఖ్య వారి సంగీత పరిశీలనా మండలికి భక్తిశ్రద్ధలతో పంపేవాడు. మండలి అంతే భక్తిశ్రద్ధలతో తిప్పి పంపేది. మోషేకి దోసెతో ప్రాస కుదిర్చినందుకు ఒకటి, నోవహు ఓడను లాంచీ అన్నందుకు ఒకటి, తాళంలో ఒక అక్షరం తక్కువైందని దేవదూతకి మూడో రెక్క తగిలించినందుకు ఇంకొకటి. మొత్తం ఇరవై ఆరు పాటలు. ఇరవై ఆరూ తిరుగుటపాలో వచ్చాయి.

అతను అడిగింది పెద్ద వరమేం కాదు. సమాఖ్య పాటల పుస్తకంలో నాలుగు వందల పదకొండు పాటలున్నాయి. నాలుగు వందల పన్నెండోది తనదై, దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో "రచన: దారా నెహెమ్యా" అని ఉంటే చాలు. తర్వాత ప్రభువు ఎప్పుడు పిలిచినా బిల్లు మిషను పక్కన పెట్టి వెళ్ళిపోతాడు.

ఇలా ఉండగా బావమరిది తిమోతి ఒక ఫోను పట్టుకుని వచ్చాడు. తిమోతికి రైల్వే గేటు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టుంది. పెళ్ళిళ్ళకీ చావులకీ ఒకే హుషారుగా డ్రమ్ములు వాయించే చెయ్యి ఉంది. ఫోనులో నలుగురు పొడుగు జుట్టువాళ్ళు తలలు విసురుతూ అరుస్తున్నారు. శ్లాబు పోసే రోజున కాంక్రీటు మిల్లరు తిరిగే చప్పుడు. అందులో ఎవరో ఎద్దును పడేసినట్టు మరో చప్పుడు.

"దీన్ని డెత్‌కోర్ అంటారు బావా."

"చావు గోలా?"

"గోల కాదు, ఆరాధన. వీళ్ళు మనలాంటి విశ్వాసులే. సాతాను మీద అరుస్తన్నారు."

"ఏమని?"

"అదెవరికి తెలుసు?"

నెహెమ్యాకి ఒళ్ళు జలదరించింది. మాటలుంటాయి. కానీ వినపడవు. వినపడని ప్రాసను తిప్పి పంపగల మండలి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

నెల తిరక్కుండా "ఏడో బూర" అనే బృందం పుట్టింది. గొంతు నెహెమ్యాది, డ్రమ్ములు తిమోతివి, గిటార్లు ఇద్దరు బీమా ఏజెంట్లవి. పోస్టరు అచ్చేసినవాడు "ఏడో బూరె" అని వేశాడు. మొదటి కచేరీకి నలభైమంది ఆకలితో వచ్చారు.

ఆ వేసవిలోనే మొదటి ఆల్బం తయారైంది. పేరు "పాతాళానికి తాళం". చర్చి వెనక బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు తోడేసి డ్రమ్ములు అందులో పెట్టారు. బట్టలతీగకి క్లిప్పులతో ఒక ఫోను వేలాడదీశారు. నెహెమ్యా తొట్టి మెట్ల మీద నిలబడి, పదిహేనేళ్ళుగా కడుపులో దాచుకున్న తిరుగుటపాలన్నీ ఒక్కసారిగా బయటికి కక్కాడు. తర్వాత విని చూస్తే, పక్క వీధిలో గోడౌను కూలుతుంటే మన ఇంట్లో పడుకుని విన్నట్టుంది. అందరూ తృప్తిపడ్డారు.

సమాఖ్య గౌరవ కార్యదర్శి జయశీలరావు గారు రిజిస్ట్రారాఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన మాట్లాడితే స్టాంపు కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. ఆల్బంలోని మొదటి పాటతో పంపిన దరఖాస్తు ఫారంలో "భాష" అన్న గడిలో నెహెమ్యా "తెలుగు" అని రాశాడు. ఆయన దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు.

"ఆలకించితిమి. మూడు పర్యాయములు ఆలకించితిమి. ఇది తెలుగు అని రుజువుపరచుటకు ఎట్టి సాక్ష్యాధారములును లభ్యము కాలేదు."

"నేనే రాశానండీ."

"వ్రాసినవానికి అర్థమగుట సాక్ష్యము కానేరదు, సహోదరుడా."

మండలి ఆలోచించింది. తెలుగు కాదు. ఇంగ్లీషు కాదని కాన్వెంటు హెడ్‌మిస్ట్రెసు చెప్పింది. ఇక మిగిలింది అన్యభాష, అంటే ఆత్మ పలికించే భాష. ఆత్మను తిప్పి పంపడానికి ఏ మండలికి గుండెలున్నాయి? పాట పాసైంది. కాకపోతే ఒక నియమం ఉంది. అన్యభాషలో ఎవరైనా పలికితే అర్థం చెప్పేవాడు పక్కనే ఉండితీరాలి. అందుకని సమాఖ్య "అధికార అర్థకర్త" అనే పదవిని సృష్టించి, అందులో విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఏసోబు మాస్టారిని కూర్చోబెట్టింది.

మాస్టారు శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని మొదటి పాట విన్నారు. విని, కళ్ళు తెరవకుండానే అన్నారు: "నా కుమారులారా, తూర్పు అని పడమర అని కొట్టుకొనకుడి. గోడ కట్టుడి. గేటు ఉత్తరమున పెట్టుడి."

చర్చి ప్రహరీ గేటు తూర్పున ఉండాలని ఒక వర్గం, పడమర ఉండాలని ఇంకో వర్గం పదకొండేళ్ళుగా తలలు పగలగొట్టుకుంటున్నాయి. ఉత్తరం సంగతి ఎవరికీ తట్టలేదు. నలభై రోజుల్లో గోడ లేచింది. రెండో పాటకి విడిపోయిన అన్నదమ్ములు కలిశారు. నాలుగో పాటకి రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి. ఏడో బూర అంటే ఊళ్ళో ఒక భయం, ఒక భక్తి ఏర్పడ్డాయి. నెహెమ్యా మీటరు చూడటానికి వెళితే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు.

మజ్జిగ తాగి అతను కార్యదర్శి గారింటికి వెళ్ళాడు. "పుస్తకంలో నంబరు...?"

"ఆత్మ పలికినదానికి నీ పేరు వేయుటయా? అది దైవదూషణ క్రిందకు వచ్చును. పోనీ, ముద్రించుటకు మాటలేవి?"

అదిగో, అక్కడ పడింది పురుగు. మాటలు వినపడితే అవి తనవని తేలుతుంది. తనవని తేలితే నంబరొస్తుంది. ఇంత చిన్న లెక్కలో తప్పెక్కడుందో నెహెమ్యాకి కనిపించలేదు. కనిపించే మనిషే అయితే మోషేని దోసెతో ముడిపెట్టడు.

రెండో ఆల్బం బాధ్యత తిమోతి తలకెత్తుకున్నాడు. కొట్టు మీది గదికి కోడిగుడ్ల అట్టలు అంటించాడు, కిటికీలకి బొంతలు కట్టాడు, మద్రాసు నుంచి మంచి మైకు తెప్పించాడు. మూడు నెలలు కంప్యూటరు ముందు కూర్చుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో చప్పుడూ ఏరాడు. మొదటి ఆల్బంలోని మొదటి పాటనే మళ్ళీ పాడించి ముందు పెట్టాడు. పేరు "పాతాళానికి రెండో తాళం".

"మొదటిదాంట్లో గొంతు, గిటారు, డ్రమ్ము మూడింటినీ ఒకే గోతంలో కుక్కి మూతి కుట్టాం బావా. ఇప్పుడు విను. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు."

నెహెమ్యా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకున్నాడు. డ్రమ్ములు నేల కింద నుంచి నడిచొచ్చాయి. గిటార్లు కుడి ఎడమల రెండు రంపాల్లా నిలబడ్డాయి. మధ్యలో, మల్లెపువ్వు లాంటి స్పష్టతతో, అతని గొంతు:

*సాతానూ! నీ సైకిలు చైను తెంచుతా!*
*పాతాళపు గతుకుల్లో పంక్చరు వేస్తా!*

నెహెమ్యా మెల్లగా హెడ్‌ఫోను తీశాడు.

"ఏంది బావా, బాగలేదా?"

"బాగానే ఉంది. ఇంత స్పష్టంగా అవసరమా అని."

"రాసింది నువ్వే గదా."

"నేనే అనుకో. రాసేటప్పుడు ఇంత గట్టిగా వినపడలేదురా."

ఇంటికెళ్ళి భార్య కెజియాకి వినిపించాడు. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూ మొత్తం విన్నది.

"ఏందయ్యా, సాతాను సైకిలు తొక్కుతాడా?"

"అది ఉపమానం."

"ఇన్నాళ్ళూ వినపడకపోబట్టే మర్యాదగా బతికాం. ఏసోబు మాస్టారు చెప్పిన అర్థానికి మా పిన్ని రెండు రోజులేడ్చింది. నువ్వు రాసినదానికి ఇప్పుడు ఎవరేడవాల? నేను."

"పుస్తకంలో పేరు పడద్ది కెజియా."

"రేషను కార్డులో ఉంది గదా పేరు. అది చాల్లేదా నీకు?"

అతను వినలేదు. ఆ వారమే దరఖాస్తు పెట్టాడు. "భాష" అన్న గడిలో ఈసారి "తెలుగు" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

విచారణ ఆదివారం ఆరాధన తర్వాత సమాఖ్య హాల్లో జరిగింది. వేదిక మీద మండలి సభ్యులు ఏడుగురు, మధ్యలో కార్యదర్శి, పక్క కుర్చీలో శాలువాతో ఏసోబు మాస్టారు. కింద అరవైమంది విశ్వాసులు, కొత్త అర్థం వినడానికి చేతిరుమాళ్ళతో సిద్ధంగా ఉన్నారు. తిమోతి స్పీకర్లు బిగించి మీట నొక్కాడు.

అలవాటు ప్రకారం మాస్టారు కళ్ళు మూసుకుని లేచారు. "నా కుమార్తెలారా, కల్యాణమండపమునకు..."

"సాతానూ! నీ సైకిలు చైను తెంచుతా!" అన్నాయి స్పీకర్లు.

మాస్టారు ఒక కన్ను తెరిచారు. "...కల్యాణమండపమునకు పైకప్పు..."

"పంక్చరు వేస్తా!"

ఎవరిదో చేతిరుమాలు కింద పడింది. ఆ చప్పుడు కూడా వినిపించింది.

"ఆపుడి," అన్నారు జయశీలరావు గారు. "వెనుకకు త్రిప్పుడి."

ఏడుసార్లు వెనక్కి తిప్పారు. తిమోతి పనితనం అలాంటిది, విన్నకొద్దీ ఇంకా బాగా వినపడింది. ఏడోసారి అయ్యాక కార్యదర్శి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"సహోదరుడు నెహెమ్యా. పంక్చరు వేయుట యనగా ఏమి?"

"అదేనండీ, టైరు తుస్సుమనిపించడం. సాతాను ముందుకి పోకుండా."

"కాదు." ఆయన లేచి నిలబడ్డారు. "ఈ విషయము ఇంతవరకు సమాఖ్య దస్త్రములలో నమోదు కాలేదు. మా తండ్రిగారికి పేరాలలో సైకిలు షాపు ఉండెడిది. ఎనిమిదవ ఏట మొదలు పదునెనిమిదవ ఏట వరకు నేను స్వహస్తములతో పంక్చర్లు వేసితిని. ట్యూబు ఊడదీసి, నీళ్ళలో ముంచి, బుడగ చూచి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, ముక్క అంటించితిని. పంక్చరు వేయుట యనగా బాగుచేయుట! పంక్చరు చేయుట యనగా పాడుచేయుట! తాము పాతాళమునకు పోయి సాతాను సైకిలును బాగుచేసెదమని, మంచి మైకులో, బహిరంగముగా వాగ్దానము చేసియున్నారు!"

హాల్లో గగ్గోలు లేచింది. "అయ్యో అయ్యో, వాడికి రిపేరు చేస్తానంటన్నాడా?" అని ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "మా ఆయన సైకిలు ఆర్నెల్లుగా మూలనబడుంది. చేసేవాడే లేడు!"

"ఒక్క అక్షరం గదండీ," అన్నాడు నెహెమ్యా చెమటలు తుడుచుకుంటూ. "వే తీసి చే పెడితే..."

"దిద్దుబాటునకు దరఖాస్తు వేరు. ముందు నేరము తేలవలెను. మొదటి పంక్తిలో చైను తెంచి, రెండవ పంక్తిలో పంక్చరు వేయుట! పగలు శత్రుత్వము, సాయంకాలము సేవ!" ఆయన పాట కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఇచ్చట 'బ్రేక్‌డౌన్' అని వ్రాసియున్నది. ఎవరి వాహనము?"

తిమోతి అడ్డొచ్చాడు. "అది సంగీతంలో మాటండీ. అక్కడ తాళం నెమ్మదించి బరువుగా..."

"అనగా వాహనము చెడిన చోటనే మరమ్మతు జరిగినది. కుట్ర సంపూర్ణము."

ఆ సాయంత్రానికల్లా "సాతాను వాహన మరమ్మతు విచారణ సంఘము" ఏర్పాటైంది. మొదటి సమావేశమంతా ఒకే ప్రశ్న మీద నడిచింది. అసలు సాతానుకి సైకిలుందా? లేదంటే పాట అబద్ధసాక్ష్యం. ఉందంటే దానికి గాలి ఎవరు కొడుతున్నారో సమాఖ్య జవాబు చెప్పాలి. సాతాను భూమ్మీద ఇటూ అటూ తిరుగుతాడని వాక్యంలో ఉందిగానీ, నడిచి తిరుగుతాడా తొక్కుతూ తిరుగుతాడా అన్నది లేదని ఒక పెద్దాయన తేల్చాడు. సంఘం రెండు పక్షాలుగా చీలింది. సైకిలుందన్నవాళ్ళు ముగ్గురు, లేదన్నవాళ్ళు ముగ్గురు. ఉంది కానీ అద్దెదన్నవాడు ఒకడు.

అసలు ప్రమాదం మూడో సమావేశంలో బయటపడింది. "ఈ పాటే మొదటి ఆల్బంలోనూ ఉంది," అన్నాడు అద్దె సైకిలు సభ్యుడు, నోరు జారి. "ఇప్పుడిది తెలుగైతే అప్పుడూ తెలుగే గదా. మరి అప్పుడు గోడ కట్టమన్నదెవరు?"

ఈ ముక్క గోడ దాటడానికి గంట పట్టలేదు. తూర్పు వర్గం గునపాలతో వచ్చింది, పడమర వర్గం గడ్డపారలతో. కలిసిన అన్నదమ్ములు మళ్ళీ మధ్యగోడకి తాపీమేస్త్రీని మాట్లాడుకున్నారు. నాలుగో పాటకి పెళ్ళయిన ఒకాయన మాత్రం ఒంటరిగా వచ్చి, తన పెళ్ళి చెల్లనట్టేనా అని ఆశగా అడిగాడు.

మండలి తలుపులు వేసుకుంది. పాట తప్పంటే అర్థం పోతుంది. అర్థం తప్పంటే గోడ పోతుంది. చివరికి తప్పు ఎవరిదో దొరికింది. మర్నాడు సర్క్యులరు వెలువడింది.

"ఇందుమూలముగా సమస్త సంఘములకు తెలియజేయునది ఏమనగా, ఇటీవల కొందరు సహోదరులు ఆధునిక యంత్రములచే పాటలయందలి మాటలను బయల్పరచి విశ్వాసులను కలవరపెట్టుచున్నారు. స్పష్టత యనునది లోకసంబంధమైనది. కావున ఇకమీదట సమాఖ్య పరిధిలో పాడబడు ప్రతి పాటయు, ఐదవ వరుసలో కూర్చున్న, వినికిడి లోపము లేని విశ్వాసికి ఎంతమాత్రము అర్థము కాని రీతిగా పాడవలెను. అస్పష్టతా ధ్రువపత్రము లేని క్వయరును, అనగా గాయకబృందమును, వేదిక ఎక్కనియ్యరాదు. సమాఖ్య ఆవరణలో పలుకబడు ప్రతి మాటకును అధికార అర్థకర్త చెప్పునదే అర్థము."

గోడ నిలిచింది. రెండో ఆల్బం స్వాధీనమైంది. తిమోతి మైకుని గోనెసంచిలో చుట్టి సీలేశారు. ఐదో వరుసకి యమ గిరాకీ వచ్చింది. చెవుల డాక్టరు సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకే అక్కడ కుర్చీ. వేటపాలెం క్వయరు మొదటి పరీక్షలోనే తప్పింది, ఎందుకంటే ఐదో వరుసలో ఒకాయనకి "హల్లెలూయ" అన్న మాట వినపడింది. స్త్రీల సమాజం వాళ్ళు డెబ్భయ్యేళ్ళ అధ్యక్షురాలితో సహా నెహెమ్యా దగ్గరికి గొంతు చించుకోవడం నేర్చుకోవడానికొచ్చారు. వారంలో ఆమె అతన్ని మించిపోయింది. "కోడలితో మాట్లాడినట్టే గదయ్యా, ఇందులో కొత్తేముంది," అన్నది.

అర్థాలకి కరువొచ్చి పన్నెండుమంది సహాయ అర్థకర్తల్ని వేసుకున్నారు. వాళ్ళకి అనుభవం తక్కువ. ఈపూరుపాలెం పెళ్ళిలో వరుడు ప్రమాణం దగ్గర నియమం ప్రకారం "అవును" అని గర్జించాడు. సహాయ అర్థకర్త కళ్ళు మూసుకుని, "ఆలోచించి చెబుతాడట," అన్నాడు. భోజనాలు చల్లారిపోయాయి.

ఇదంతా తన పాట పుణ్యమేనని నెహెమ్యాకి తెలుసు. తెలిసీ అతను ఒక్క సంగతే ఆలోచించాడు. పాటల పుస్తకం కొత్త ముద్రణకి వెళుతోంది. ఆ నంబరు ఇంకా ఖాళీగానే ఉంది.

కార్యదర్శి గారి నుంచి పిలుపొచ్చింది. అదే హాలు, అదే ఏడుగురు, పక్క కుర్చీలో మాస్టారు. బల్ల మీద టైపు చేసిన కాగితం.

"సమాఖ్య ఉదారహృదయముతో మీకు నాలుగు వందల పన్నెండవ నంబరును కేటాయించుటకు సిద్ధముగా నున్నది," అన్నారు జయశీలరావు గారు. "మీ పేరుతో సహా. ఈ డిక్లరేషను మీద సంతకము చేసిన చాలును."

నెహెమ్యా చదివాడు. సదరు పాటయందు మాటలు లేవనియు, ఒకవేళ ఉన్నను అవి తనవి కావనియు, రెండవ ఆల్బమునందు వినబడినవి యంత్రదోషమనియు, పూర్ణ స్వస్థతతో...

"మాటల్లేని పాటకి రచన ఏందండీ?"

"పుస్తకములో 'రచన' అను గడి కలదు. గడి ఖాళీగా ఉండరాదు."

"పెట్టెయ్ బావా," అని వెనక నుంచి తిమోతి గొణిగాడు. "పదిహేనేళ్ళు."

నెహెమ్యా కలం తీసుకున్నాడు. కాగితం చివర చుక్కల గీత ఉంది. దాని మీద కలం పెడితే జీవితంలో కోరిన ఒక్కటీ దొరుకుతుంది. పోయేదేముంది? రెండు పంక్తులు. సైకిలు ఒకటి, చైను ఒకటి. లోకంలో ఇంతకంటే దరిద్రమైన పంక్తులు ఎవరూ రాసి ఉండరని, మంచి మైకులో విన్నాక అతనికి బాగా తెలుసు. అయినా అవి ఎండలో, వైకుంఠపురంలో పదమూడో మీటరుకీ పద్నాలుగో మీటరుకీ మధ్య, కుక్క వెంటపడుతుంటే పుట్టిన పంక్తులు. కుక్కని కూడా మర్చిపోయి నవ్వుకున్నాడు ఆ రోజు.

కలం బల్ల మీద పెట్టేశాడు.

"మాటలున్నాయండీ," అన్నాడు గట్టిగా, ప్రతి అక్షరం విడివిడిగా. "నేనే రాశాను. పంక్చరు వేస్తా అన్నది తప్పే, తెలియక రాశాను. బాగా కూడా లేదు. అయినా నాది. నంబరు వద్దు."

తిమోతి తల పట్టుకున్నాడు. జయశీలరావు గారు సర్క్యులరు తీసి ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి చూసుకుని, పక్కకి తిరిగారు.

"అర్థము?"

ఏసోబు మాస్టారు శాలువా సర్దుకుని, కళ్ళు మూసుకుని లేచారు. తర్వాత అన్నారు: "మాటలు లేవట. ఒకవేళ ఉన్నా అవి తనవి కావట. సంతకమునకు బదులుగా ఈ సాక్ష్యమును స్వీకరింపుడని వేడుకొనుచున్నాడు."

"ఆమేన్," అన్నారు ఏడుగురు.

"నమోదు చేయుడి," అన్నారు కార్యదర్శి.

నెహెమ్యా మాస్టారిని వరండాలో పట్టుకున్నాడు. "ఏంది మాస్టారూ ఇది? నేను తెలుగులో చెప్పాను గదా!"

"నేనూ ముప్పై రెండేళ్ళు తెలుగులోనే చెప్పాను నాయనా, సాంఘికశాస్త్రం. ఒక్కడన్నా విన్నాడా? పానిపట్టు యుద్ధాలు మూడూ గోడకే చెప్పా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఊరంతా చెవులప్పగిస్తంది." మాస్టారు అరుగు మీద కూర్చున్నారు. "నువ్వన్నదే అన్నానంటే, రేపు తెల్లారి ఆ గోడ ఉండదు. ఇటు పక్క నాలుగు తలలు, అటు పక్క నాలుగు. నీ నాలుగు అక్షరాల కోసం ఎనిమిది తలకాయలు ఎట్టా ఇవ్వమంటావ్? ఆ మాటకొస్తే, నీ పాట నాకు మొదటి ఆల్బంలోనే వినపడింది."

"వినపడిందా!"

"ఆఖరి బెంచీ గుసగుసలు విన్న చెవులు నావి. సైకిలు, చైను, పంక్చరు, అన్నీ విన్నా. అందుకేగా కళ్ళు మూసుకుంది."

ఇంత జరిగాక కూడా నెహెమ్యా నోరు ఆగలేదు. "ఎట్టా ఉంది మాస్టారూ?"

"ఏది?"

"పాట."

మాస్టారు అతన్ని జాలిగా చూశారు. "విన్న వెంటనే గోడ కట్టుడి అన్నా చూడు. దాన్నిబట్టి నువ్వే అర్థం చేసుకో."

నవంబరులో మహాసభలు జరిగాయి. పందిట్లో ఐదు వేలమంది. కొత్త పుస్తకాలు పంచారు. నెహెమ్యా నేరుగా ఆఖరి పేజీ తీశాడు. ఉంది. నాలుగు వందల పన్నెండు. నంబరు కింద అరపేజీ తెల్లగా, ఖాళీగా ఉంది. ఆ కింద గోడ గురించి మాస్టారు చెప్పిన అర్థం. ఆ కింద, చీమ తలకాయంత అక్షరాలతో, "రచన: దారా నెహెమ్యా".

వేదిక మీద నుంచి జయశీలరావు గారు నంబరు ప్రకటించారు. ప్రకటించడం కూడా నియమం ప్రకారమే కాబట్టి, అదేమిటో తెలుసుకోవడానికి జనానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఐదు వేలమంది ఒక్కసారిగా లేచారు. పుస్తకాలు తెరిచి, ఆ తెల్లటి అరపేజీ వంక భక్తిగా చూస్తూ, ఒక్క గొంతుతో గర్జించారు. పందిరి గుడ్డ అల్లాడింది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ ఎవరికంటే గట్టిగా గర్జించింది. పక్కనే కెజియా కూడా గర్జిస్తోంది. ఆ గోలలో ఏముందో గానీ, నెహెమ్యా గుండె నిండిపోయింది.

అతనూ నోరు తెరిచాడు. గర్జించలేదు. తన పాటని తన మాటలతో, ఉన్నవి ఉన్నట్టు, వే తీసి చే పెట్టి, తేటగా పాడాడు. సైకిలు దాటి చైను దాటి రెండో పంక్తి చివరికొచ్చాడో లేదో, ముందు వరుసలోని పెద్దావిడ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, పాట రాకపోతే ఊరకుండు. నోటికొచ్చిన మాటలు కలిపి పాట చెడగొట్టబాక!"

కెజియా గర్జన ఆపి, ఆమె భుజం మీద చెయ్యేసింది.

"ఏమనుకోబాక అక్కా," అన్నది. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటన్నాడు."